తోమా గడిపిన ఎనిమిది రోజులు

సందేహం గురించి చర్చ పెట్టినప్పుడల్లా ఒక పక్క విశ్వాసినీ, ఇంకో పక్క నాస్తికుణ్ణీ కూర్చోబెడతారు. ఆ వాదం తెగేది కాదు. ఇద్దరూ ఎదుటివాడితో మాట్లాడరు, తమ వెనకున్న జనం వినాలని మాట్లాడతారు. అసలు చిక్కంతా గుడి లోపల ఉంది. బయటివాడి ప్రశ్నకు జవాబు చెప్పడానికి సంఘం ఎప్పుడూ సిద్ధమే. తన బెంచీ మీద కూర్చున్నవాడే అదే ప్రశ్న అడిగితే ఏం చేయాలో దానికి పాలుపోదు. అందుకని ఇక్కడ ఇద్దరు విశ్వాసుల్నే ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మామయ్య గుంటూరులో ఒక లూథరన్ సంఘానికి పెద్ద, చిన్న కాటకిజం కంఠతా వచ్చిన మనిషి. మేనకోడలు అదే గుడిలో సండే స్కూలు చెబుతుంది. మనుషులిద్దరూ నా ఊహ. వాళ్ళు ఎత్తే సంగతులు మాత్రం ఊహ కావు. నా మొగ్గు ఎటో కాసేపట్లో తెలిసిపోతుంది కనక దాచడం దండగ. అలాగని మామయ్యను ఓడిపోవడానికే పుట్టించలేదు. ఆయన అడిగేవాటిలో కొన్నిటికి నా దగ్గరా జవాబు లేదు.

మామయ్య: తోమా చేసింది తప్పేమీ కాదని పిల్లలకు చెబుతున్నావట అమ్మాయ్. నాకది మింగుడుపడలేదు. చూడకుండా నమ్మినవాళ్ళు ధన్యులని ప్రభువే అన్నాక, చూస్తేగాని నమ్మనన్న మనిషిని వెనకేసుకురావడం ఎందుకు? యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తియ్యి. సందేహపడేవాడు గాలికి కొట్టుకునే అల లాంటివాడనీ, వాడికి ప్రభువు దగ్గర ఏమీ దొరకదనీ ఉంది. పేతురు నీళ్ళ మీద నడిచి నడిచి ఎందుకు మునిగాడు? సందేహపడ్డాడు గనక. నజరేతులో ప్రభువు అద్భుతాలు చేయలేకపోయిందెందుకు? అక్కడివాళ్ళు నమ్మలేదు గనక. ఇన్ని సాక్ష్యాలుండగా ఇంకా ఏం కావాలి? సందేహం చెదలాంటిది. కనబడ్డ రోజునే దులపాలి గాని, దానికీ ఇంట్లో వాటా ఉందనకూడదు.

మేనకోడలు: ముందు తోమా సంగతి చూద్దాం మామయ్యా. యోహాను ఇరవయ్యో అధ్యాయంలో తోమా తిరిగి లేచిన ప్రభువు గాయాలు చూడాలన్నాడు, వేలు పెట్టి చూడాలన్నాడు. దానికి కాస్త పైన, ఇరవయ్యో వచనంలో, ప్రభువు మిగతా శిష్యులకు తన చేతులూ పక్కా తానే చూపించాడు. చూశాకే వాళ్ళు సంతోషించారు. వాళ్ళకు అడక్కుండా దొరికినదాన్ని ఈయన నోరు తెరిచి అడగాల్సివచ్చింది. ముట్టుకుంటానన్నదొక్కటే అదనం, ముట్టుకున్నాడని మాత్రం ఎక్కడా రాసిలేదు. పిరికివాడా అంటే అదీ కాదు. బేతనియకు వెళ్తే ప్రాణాపాయమని అందరూ జంకుతుంటే, పదండి, ఆయనతోపాటే చనిపోదాం అన్నది పదకొండో అధ్యాయంలో ఈ తోమాయే. అయితే నాకు వీటన్నిటికంటే విలువైనది ఎనిమిది రోజుల లెక్క. మేం చూశామని పదిమంది అంటున్నారు, నేను నమ్మనని ఒక్కడంటున్నాడు. ఆ ఎనిమిది రోజులూ ఏం జరిగిందో సువార్తికుడు ఒక్క ముక్క రాయలేదు. కాని ఎనిమిదో రోజున తోమా వాళ్ళతోనే ఉన్నాడని రాశాడు. అంటే వాళ్ళు ఆయన్ని వెళ్ళగొట్టలేదు, ఈయనా లేచి వెళ్ళిపోలేదు. ప్రభువు ఆయనకు కనబడింది సందేహం తీరిన తరవాత కాదు, సందేహంతోనే ఆ గుంపులో కూర్చునుండగా. నేను పిల్లలకు చెబుతున్నది అంతవరకే. తోమా ఒప్పా తప్పా అన్నది పక్కన పెట్టండి, మిగతా పదిమంది చేసిన పని మనం చేస్తున్నామా?

మామయ్య: యాకోబును మాత్రం దాటేశావు.

మేనకోడలు: దాటను. మొదటి అధ్యాయంలో సందేహం అని మనం చదువుకునే చోట గ్రీకులో ఉన్న క్రియ ‘డయాక్రినో’. వేరుచేయడం, తేడా పెట్టడం, లోపల రెండుగా చీలడం అనే అర్థాలన్నీ దానిలో ఉన్నాయి. యాకోబు అదే క్రియను రెండో అధ్యాయం నాలుగో వచనంలో మళ్ళీ వాడాడు. అక్కడ సందర్భం ఏమిటో మీకు తెలుసు: బంగారు ఉంగరం పెట్టుకుని గుడికొచ్చినవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టే సంఘం. మన తెలుగు బైబిలు అక్కడ దాన్ని భేదం అంది. అంటే యాకోబు మండిపడుతున్నది ప్రశ్న అడిగినవాడి మీద కాదు. దేవుణ్ణి అడుగుతూనే లోకం వైపు ఇంకో చెయ్యి చాపే రెండు మనసుల మనిషి మీద. కానుకలిచ్చేవాళ్ళకు ముందు వరసలో సోఫాలు వేసే మనకు మొదటి అధ్యాయం గుర్తున్నంతగా రెండోది గుర్తుండకపోవడంలో వింతేముంది! ఇక అదే క్రియ యూదా పత్రికలో ఇరవైరెండో వచనంలోనూ ఉంది. ప్రాచీన ప్రతుల్లో ఆ చోట పాఠభేదాలున్నా, మన తెలుగు బైబిలు తీసుకున్న పాఠం ప్రకారం సందేహపడేవాళ్ళ మీద కనికరం చూపమని ఆజ్ఞ. యాకోబు మాట కంఠతా వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు, ఈ వచనం మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా?

మామయ్య: గ్రీకు తెచ్చి నన్ను మాట్లాడనివ్వకుండా చేయకు. పేతురు మునగడానికి గ్రీకు అక్కర్లేదు.

మేనకోడలు: అక్కర్లేదు గాని, అక్కడ వరస చూడండి. ప్రభువు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు, ఎందుకు సందేహపడ్డావని ఆ తరవాత అడిగాడు. మనం గద్దించడం ముందు పెట్టుకుని చెయ్యి తరవాత చూద్దాంలే అంటాం. మత్తయి అక్కడ వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఇంకొక్క చోటే ఉంది, ఆ సువార్త చివరి పుటలో. పునరుత్థానమైన ప్రభువు గలిలయ కొండ మీద నిలబడితే శిష్యులు మొక్కారు, కొందరు సందేహించారు. ఆ కొందర్నీ ఏరి పక్కన నిలబెట్టి, మిగిలినవాళ్ళకే ప్రపంచమంతా తిరిగి బోధించే పని అప్పజెప్పినట్టు రాసిలేదు. నజరేతువాళ్ళ సంగతంటారా, వాళ్ళది సందేహమే కాదు. ఈయన వడ్రంగి కదా, తల్లి ఫలానా, తమ్ముళ్ళు ఫలానా అన్నారు. అన్నీ తెలుసుననుకున్నారు, అడగడానికేమీ మిగుల్చుకోలేదు. తోమాకు తెలుసుకోవాలనుంది, వాళ్ళకు లేదు. ఈ రెండిటినీ ఒకే సంచిలో వేయడం వల్లే మనకీ గందరగోళం.

మామయ్య: సరే, నువ్వు చదువుకున్నదానివి, మాటలు నేర్చినదానివి. కాని మన గుడికొచ్చేవాళ్ళ గురించి ఆలోచించు. కూలిపని చేసుకుని, జ్వరంతో ఉన్న బిడ్డను చంకనేసుకుని ఉపవాస ప్రార్థనకొచ్చే తల్లి ఉంది. ఆమెకున్న ఆస్తి ఆ నమ్మకం ఒక్కటే. నీ పుస్తకాల సందేహం పట్టుకెళ్ళి ఆమెకిస్తావా? కడుపు నిండినవాళ్ళకు సందేహం ఒక సోకు. ఈ మధ్య కొందరు కుర్రాళ్ళను చూస్తున్నాను, నమ్మడం నామోషీ, సందేహించడం గొప్ప అయిపోయింది వాళ్ళకు.

మేనకోడలు: సోకు మాట ఒప్పుకుంటాను. జవాబు కోసం రెండు పుటలు చదవనివాడి ప్రశ్న ప్రశ్న కాదు, అది వేషం. కాని ఆ తల్లి సంగతి మీరనుకున్నట్టు లేదు. మనం సందేహాన్ని పాపమన్నందువల్ల మొట్టమొదట నలిగిపోయేది ఆమే. బిడ్డకు నయమైతే దేవుడికి స్తోత్రం, బాగానే ఉంది. కాకపోతే? నీకు విశ్వాసం చాలలేదమ్మా అంటాం. బిడ్డ పోయిన దుఃఖం మీద, తానే చంపుకున్నానన్న నేరం కూడా మోపి పంపిస్తాం. మార్కు తొమ్మిదో అధ్యాయంలో మూర్ఛరోగి తండ్రిని చూడండి. నీకు చేతనైతే సాయం చెయ్యమన్నాడు. ఆ ‘చేతనైతే’కి ఒక మాట పడ్డాడు, నిజమే. వెంటనే, నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో నాకు తోడుండు అనే అర్థం వచ్చేలా కేక వేశాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం, రెండూ ఒకే ఊపిరిలో. పోయి మొత్తం నమ్మకం పోగు చేసుకురా అనలేదు ప్రభువు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. విశ్వాసంలేని తరమా అన్న గద్దింపు అంతకుముందే వచ్చింది, శిష్యుల చేత కాలేదన్న మాట చెవిన పడగానే. మన ప్రార్థన కూటాల్లో ఆ గద్దింపు తండ్రి వైపు తిరిగిపోయింది.

ఇక్కడ నా మాట ఒకటి కలుపుతాను. మేనకోడలు చూపించిన ఈ చోట్లన్నీ సంఘానికి ఇబ్బంది కలిగించేవే. వీటికి తోడు, చెరలో పడ్డ బాప్తిస్మమిచ్చే యోహాను, రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని శిష్యుల్ని పంపి అడిగించడం, కీర్తనల గ్రంథంలో ఎనభై ఎనిమిదోది చీకటి అన్న మాటతోనే ముగిసిపోవడం, ఇవేవీ ప్రచారానికి పనికొచ్చేవి కావు. మతాన్ని నిలబెట్టాలనుకునేవాళ్ళు రాసుకున్న గ్రంథంలో ఇవి తీసేయడం ఎంతసేపు? తీయలేదు. వందల ఏళ్ళ పాటు చేత్తో నకళ్ళు రాసుకున్నవాళ్ళూ వీటిని మోసుకొచ్చారు. గ్రంథం దాచనిదాన్ని సంఘం దాచడం మొదలుపెట్టింది. నా అభ్యంతరమంతా అక్కడే. ఎలా దాచారో చూడాలంటే ఫ్రాన్సులోని లిజ్యూ పట్టణానికి వెళ్ళాలి.

మేనకోడలు: లిజ్యూ కార్మెల్ మఠంలో తెరేజ్ అనే యువతి 1897 సెప్టెంబరు 30న క్షయతో చనిపోయింది, అప్పటికామెకు 24 ఏళ్ళు. పువ్వులూ చిరునవ్వులూ పెట్టి ఆమె పటం వేస్తారు. కాని చివరి ఏడాదిన్నర, 1896 ఈస్టరు పండుగ నాటినుంచి, ఆమెకు పరలోకం ఉందన్న నమ్మకం నిలవలేదు. నిజంగా విశ్వాసం లేనివాళ్ళంటూ ఉంటారా అని అంతకుముందు అనుకునేదట. ఆ తరవాత వాళ్ళ బల్ల దగ్గరే తాను కూర్చుని వాళ్ళ రొట్టే తింటున్నట్టు రాసుకుంది. విశ్వాస ప్రమాణాన్ని తన నెత్తురుతో రాసి గుండె దగ్గర పెట్టుకుంది. ఆమె రాతల్ని 1898లో అక్కగారే, అదే మఠంలోని సన్యాసిని, బోలెడు మార్పులు చేసి అచ్చువేయించింది. ఫొటోలకు కూడా మెరుగులు దిద్దారు. ఆమె చేత్తో రాసింది రాసినట్టు లోకానికి అందడానికి 1956 దాకా పట్టింది. అల్బేనియన్ కుటుంబంలో పుట్టి మన దేశానికొచ్చిన ఒక సన్యాసిని ఈ తెరేజ్ పేరే పెట్టుకుంది. ఆమే మదర్ తెరీసా.

మామయ్య: రోమన్ కాథలిక్కుల, ఆ ఆర్.సి.ఎం. వాళ్ళ, పునీతులతో మనకేం పని అమ్మాయ్? మనకు లేఖనం చాలు.

మేనకోడలు: ఆర్.సి.ఎం. వద్దంటే మన లూథర్ దగ్గరికే వస్తాను. 1527లో జబ్బు, ఊళ్ళో ప్లేగు, లోపల నెలల తరబడి భయం: దేవుడు నన్ను విడిచేశాడేమో, ఇన్ని వందల ఏళ్ళుగా అందరూ తప్పై నేనొక్కణ్ణే ఒప్పా అని. దాన్ని ఆయన ‘అన్‌ఫెక్టుంగ్’ అన్నాడు. మనం శోధన అంటాం గాని ఆ మాటలో దాడి అనే అర్థం ఉంది. 1539లో తన జర్మన్ రచనల సంపుటికి ముందుమాట రాస్తూ, వేదాంతిని తయారుచేసేవి ప్రార్థన, ధ్యానం, ఈ శోధన అని వరసపెట్టాడు. చివరిదాన్ని తీసేసి మొదటి రెండూ మనం ఉంచుకున్నాం. ఇప్పుడు మదర్ తెరీసా దగ్గరికి రానివ్వండి. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు రైల్లో పిలుపు విన్నానంది, 1950లో సంస్థకు అనుమతి దొరికింది. ఆ పని మొదలైన రోజుల్లోనే లోపల చీకటి కమ్ముకుంది. 1958 అక్టోబరులో ఒక ఐదు వారాలు తెరిపి, మళ్ళీ అదే. 1997లో కన్నుమూసేదాకా అదే. ఆ సంగతి తెలిసింది గురువులైన కొందరికే. ఉత్తరాలు కాల్చేయమని బతిమాలింది, వాళ్ళు కాల్చలేదు. 2007లో అవి పుస్తకంగా వచ్చాయి.

మామయ్య: ఆ పుస్తకం రాగానే నాస్తిక రచయిత హిచెన్స్ ఏమన్నాడో కూడా చెప్పు. నమ్మకం పోయిన మనిషి చేత నమ్మకానికి ప్రచారం చేయించారు, పైగా ఆ పోవడాన్నే గొప్పతనంగా చూపిస్తున్నారు అన్నాడు. నాకు హిచెన్స్ అంటే గిట్టదు. కాని ఈ ఒక్క చోట అతను అడిగింది న్యాయంగానే ఉంది. లోపల లేనిదాన్ని యాభై ఏళ్ళు పైకి నవ్వుతూ చూపించడాన్ని ఏమంటారు? నేను సందేహాన్ని మొదట్లోనే తుంచమంటే మోటుగా ఉందంటావు, ఇది నాజూగ్గా ఉందా?

మేనకోడలు: గట్టి ప్రశ్నే. సగం జవాబు నా దగ్గరుంది. ఆ రాతల్లో కొన్ని సరాసరి యేసుకే రాసినవి. నువ్వు లేవు, నాకు దొరకవు అని ఆయనకే చెప్పుకుంది. లేడని తేల్చుకున్నవాడి మీద ఎవరూ అలగరు మామయ్యా. అది అలవాటు కొద్దీ రాసిందని ఎవరైనా అనొచ్చు. కాదని రుజువు చూపలేను. కాని 1961లో జరిగింది చూడండి. జోసెఫ్ నాయ్‌నర్ అనే జెస్విట్ వేదాంతికి ఆమె తన సంగతంతా విప్పిచెప్పింది. దీనికి మనుషుల దగ్గర మందు లేదు, నీ తప్పూ కాదు, దేవుడి కోసం ఇంత ఆకలి ఉండటమే ఆయన ఉన్నాడనడానికి గుర్తు అన్న అర్థంలో ఆయన చెప్పాడు. ఆ తరవాత చీకటి తొలగలేదు. కాని ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ చీకటిని ప్రేమించగలుగుతున్నానని రాసింది. మార్పు తెచ్చింది దర్శనం కాదు, అద్భుతం కాదు. వినే మనిషి ఒకడు దొరికాడు, నీ తప్పు కాదన్నాడు. పదేళ్ళపైన ఆ ఒక్క మాట లేక ఆమె నలిగింది. ఇక పైకి నవ్విందంటే, ఆ నవ్వు ఒక ముసుగని తానే ఒప్పుకుంది. సందేహమున్న సన్యాసినికి నోరు విప్పే చోటు లేకపోవడం వల్ల వేసుకున్న ముసుగది. మీరు మొదట్లోనే తుంచమంటున్నారే, తుంచితే చావదు, ఇలా ముసుగు వేసుకుంటుంది. హిచెన్స్ తప్పు పట్టింది ఆమెను, నేను తప్పు పడుతున్నది ఆ మౌనాన్ని. 

మామయ్య: ఇవన్నీ గుండెకు సంబంధించిన సందేహాలు, జాలి కలుగుతుంది. బుర్రకు సంబంధించినవి వేరు. దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్పు కొలెన్సో కథ నాకూ తెలుసు. విలియం ఎన్గిడి అనే జులూ సహాయకుడితో ఆదికాండం తర్జుమా చేస్తుంటే, లోకంలోని జంతువులన్నీ నోవహు ఓడలో ఎలా పట్టాయి, వాటికి మేత ఎవరు పెట్టారని అతను అడిగాడు. ఒక్క ప్రశ్న! దాంతో కొలెన్సో, అసలే లెక్కల పుస్తకాలు రాసినవాడు, 1862లో పంచకాండాల అంకెలన్నీ తవ్విపోశాడు. మరుసటేడే కేప్ టౌన్ బిషప్పు ఆయన పదవి ఊడబీకాడు, 1865లో లండన్ ప్రివీ కౌన్సిలు అది చెల్లదంది, సంఘం రెండుగా చీలింది. ప్రశ్నకు గేటు తీస్తే చివరికి దక్కేది ఇదే.

మేనకోడలు: చీలింది ఎన్గిడి అడిగినందుకా, అడిగినవాడికి అబద్ధం చెప్పలేనన్నవాణ్ణి వెలివేసినందుకా? నేను కొలెన్సో లెక్కలన్నీ ఒప్పుకోను. ఆదికాండాన్ని గిడ్డంగి జమాఖర్చులా చదివినప్పుడు అలాంటి సందేహమే వస్తుంది, ఆ మాటకొస్తే ఆయన విరోధులూ అలాగే చదివారు. కాని నమ్మకం పోయిందని విరోధులన్న ఆ మనిషి ఆ తరవాత ఏం చేశాడు? 1873-74లో నటాల్ వలస ప్రభుత్వం హ్లూబీ నాయకుడు లంగాలిబలేలెను పట్టి అన్యాయంగా విచారిస్తే, తెల్లవాళ్ళంతా దూరమైనా ఆయన పక్షాన నిలబడ్డాడు. జులూ యుద్ధం తరవాత కెచ్వాయో రాజు తరఫున చనిపోయేదాకా పోరాడాడు. జులూలు ఆయన్ని జనానికి తండ్రి అని పిలుచుకున్నారు. యాకోబు లెక్కలో ఇది ఒకే మనసా, రెండు మనసులా? దూరం ఎందుకు, మన ఒంగోలే తీసుకోండి. కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలవ పనికొచ్చిన వేలమంది బాప్తిస్మం అడిగితే మిషనరీ జాన్ క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనని అనుమానించాడు. కరువు పని ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకెను మన బాప్టిస్టు సోదరులు గర్వంగా చెప్పుకుంటారు. దాని ముందున్న అనుమానపు నెలల గురించి ఎవరూ చెప్పుకోరు. ఆ నెలలు లేకపోతే ఆ అంకెకు విలువెక్కడిది?

మామయ్య: క్లౌ అనుమానించింది జనాన్ని, దేవుణ్ణి కాదు.

మేనకోడలు: నిజమే, ఆ పోలిక పూర్తిగా అతకదు. ఒప్పుకుంటున్నాను.

మామయ్య: అయితే ఇప్పుడు నన్ను అడగనీ. కన్‌ఫర్మేషన్ క్లాసులో పిల్లవాడు లేచి, నాకు దేవుడున్నాడని అనిపించడం లేదు అన్నాడనుకో. ఏం చేస్తావు? వచ్చే ఆదివారం వాడు గుడిలో అందరి ముందూ నిలబడి ప్రమాణం చెప్పాలి.

మేనకోడలు: చెప్పొద్దంటాను. ఆగమంటాను. కాని క్లాసుకు రావడం మానొద్దంటాను. వాళ్ళమ్మకు చాడీ చెప్పను, వాడి కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టి వేలెత్తి చూపించను. వాడు అడిగినదాంట్లో నాకు తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. ఆగినందుకు వాడు తక్కువైపోడని మీలాంటి పెద్దలు ఒక్క మాటంటే చాలు, నేను పది చెప్పినదానికంటే అదెక్కువ.

మామయ్య: ఎనిమిది రోజులంటావు. తోమాకు ఎనిమిదో రోజున ప్రభువు వచ్చాడు. వీడికి రాకపోతే? మదర్ తెరీసాకు యాభై ఏళ్ళు గడిచినా రాలేదని నువ్వే చెప్పావు.

మేనకోడలు: దానికి నా దగ్గర జవాబు లేదు మామయ్యా. మిగతావాళ్ళు తోమాకు గడువు పెట్టినట్టు మాత్రం యోహాను రాయలేదు.

మామయ్య: తలుపులు మూసి ఉన్నాయని రాశాడుగా. రెండుసార్లూ.

మేనకోడలు: రెండుసార్లూ మూసే ఉన్నాయి. రెండోసారి తోమా లోపలున్నాడు.